నడిచే వరస, తినే వరస: ఇరావతీ కర్వే ‘వాట్‌చాల్’లో తోడునడక

వ్యాససంగ్రహం

తీర్థయాత్రలో కలిసి నడవడం మనుషుల మధ్య భేదాలను కరిగిస్తుందన్న అభిప్రాయం భక్తి సాహిత్య విమర్శలోనూ, సామాజిక మానవశాస్త్రంలోనూ బలంగా ఉంది. ఆ అభిప్రాయానికి ఆధారంగా చూపే రచనల్లో ఇరావతీ కర్వే మరాఠీ వ్యాసం ‘వాట్‌చాల్’ ఒకటి. పండరిపురానికి సాగే కాలినడక యాత్రను వర్ణించిన ఈ వ్యాసాన్ని దాని దినచర్య నిర్మాణం ఆధారంగా చదివినప్పుడు వేరొక అర్థం బయటపడుతుంది. నడకలో కలిసిన మనుషులు ప్రతిరోజూ భోజనవేళకు విడిపోతారు. ఆ విభజన ఎదుట ఒక యువతి వేసిన ప్రశ్న రచయిత్రిని నిరుత్తరురాలిని చేస్తుంది. ఆ ప్రశ్నే రచనకు కేంద్రమని, మహారాష్ట్రకు కర్వే ఇచ్చిన ప్రసిద్ధ నిర్వచనాన్ని సైతం ఆ వెలుగులోనే చదవాలని ఈ పత్రం ప్రతిపాదిస్తుంది. తెలుగు యాత్రాసాహిత్యంలో దారికీ, మజిలీకీ, తోడుకూ ఉన్న స్థానంతో ఈ రచనను పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, వారీ, వార్కరి సంప్రదాయం, ఇరావతీ కర్వే, సహపంక్తి భోజనం, కాశీయాత్ర చరిత్ర, కాశీమజిలీ కథలు, తులనాత్మక పరిశీలన.

1. ప్రవేశిక

కలిసి ఏడడుగులు నడిస్తే స్నేహం కుదురుతుందన్నది భారతీయ సాహిత్యంలో చిరకాలంగా ఉన్న భావన. ‘సాప్తపదీనం’ అన్న పదానికి స్నేహమనే అర్థాన్ని పాణిని వ్యాకరణమే చెప్పింది (అష్టాధ్యాయి 5.2.22). ఏడడుగులకే స్నేహం కుదిరితే, ఆళంది నుంచి పండరిపురం దాకా సుమారు 250 కిలోమీటర్లు కలిసి నడిచినవారి మధ్య ఏం కుదరాలి? కుదిరినది నడక ముగిశాక నిలుస్తుందా? ఇరావతీ కర్వే ‘వాట్‌చాల్’ వ్యాసం ఈ సందేహం చుట్టూ తిరుగుతుంది.

ఇరావతీ కర్వే (1905–1970) పుణెలోని దక్కన్ కళాశాలలో దీర్ఘకాలం పనిచేసిన మానవశాస్త్రవేత్త. భారతదేశంలోని బంధుత్వ వ్యవస్థలపై 1953లో వెలువడిన గ్రంథం ఆమెకు శాస్త్రరంగంలో పేరు తెచ్చింది. మహాభారత పాత్రలపై రాసిన ‘యుగాంత’ ఆమెను భారతీయ పాఠకలోకానికి పరిచయం చేసింది. ‘వాట్‌చాల్’ ఈ రెండింటికీ ముందరి రచన. 1949లో వెలువడిన ‘పరిపూర్తి’ అనే మరాఠీ వ్యాససంపుటిలో అది ఉంది. 1962లో ‘జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్’ ప్రచురించిన ఆంగ్లానువాదం ద్వారా ప్రపంచంలోని పరిశోధకులకు చేరింది. శీర్షికకు ‘దారి వెంట నడక’ అని అర్థం. పేరులో పండరిపురం లేదు, విఠలుడు లేడు, ఉన్నది దారి, నడక మాత్రమే. రచన దృష్టి ఎక్కడ ఉన్నదో శీర్షికే చెబుతున్నది.

2. తెలుగు యాత్రారచనలో దారి, మజిలీ, తోడు

‘వాట్‌చాల్’ విశిష్టతను గుర్తించడానికి తెలుగు సాహిత్యంలో యాత్ర ఏయే రూపాల్లో వచ్చిందో స్థూలంగా చూడాలి.

మన ప్రబంధాల్లో క్షేత్రానికి ఉన్న ప్రాధాన్యం దారికి లేదు. అల్లసాని పెద్దన ‘మనుచరిత్రము’లోని ప్రవరుడు తీర్థాల పట్ల ఆసక్తి ఉన్నవాడే. కాని అతడు హిమాలయాన్ని చేరింది సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో. లేపం దారిని మింగివేసింది. దారి లేనప్పుడు తోడు ప్రసక్తి కూడా లేదు. మంచునీటికి లేపం కరిగిపోయాకనే అతడికి తన ఒంటరితనమూ, ఇంటి దూరమూ అనుభవానికి వచ్చాయి. తెనాలి రామకృష్ణకవి ‘పాండురంగ మాహాత్మ్యము’ పండరిక్షేత్రాన్నే వస్తువుగా తీసుకున్న కావ్యం. అందులోనూ క్షేత్రమహిమ, పుండరీకుని కథ, నిగమశర్మ ఉపాఖ్యానం వంటివి ప్రధానం. ఆ క్షేత్రానికి ఏటేటా కాలినడకన వచ్చే సామాన్య జనం దారి కావ్యవస్తువు కాలేదు. దీనికి భిన్నంగా పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శ్రీశైలానికి తరలివచ్చే శివభక్త సమూహాలను దృశ్యమానం చేశాడు. నడిచే జనాన్ని కవితావస్తువుగా గుర్తించిన తొలి తెలుగు రచనల్లో దానికి స్థానమివ్వాలి.

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’తో తెలుగు యాత్రారచన వచనంలోకి వచ్చింది. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్న ఆయన అనుభవాలు 1838లో పుస్తకరూపం పొందాయి. ఊళ్ల మధ్య దూరాలు, దారి స్థితి, నీటి వసతి, అంగళ్లలో దొరికే వస్తువులు, బసకు అనువైన చోట్లు, ఇవన్నీ అందులో ఓపికగా నమోదయ్యాయి. అయితే ఆయన పల్లకిలో ప్రయాణించారు. నడిచినవారు పల్లకి మోసిన బోయీలు, వెంట వచ్చిన పరివారం. అందువల్ల ఆ రచనకు మజిలీ ప్రమాణమైంది. నడక మజిలీల మధ్య దూరంగా లెక్కలోకి వచ్చింది. తన వృత్తాంతాన్ని ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపారు. ఆ విధంగా మనసు విప్పి చెప్పుకున్న తోడు దారిలో లేడు. ఆయనతో దారి పంచుకున్నవారు రచనలో శ్రోతలు కాలేదు.

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో తోడు ఏకంగా కథకు ఆధారమైంది. కాశీకి వెళ్లదలచిన మణిసిద్ధుడనే యతికి తోడు కావాలి. ఒక పశువుల కాపరి కుర్రవాడు షరతు మీద ఒప్పుకుంటాడు. తాను చూసిన వింతను గురించి అడిగినప్పుడల్లా దాని కథ చెప్పాలన్నది ఆ షరతు. మజిలీ మజిలీకీ కుర్రవాడి ప్రశ్న, సిద్ధుడి సమాధానం. పన్నెండు భాగాల ఆ గ్రంథం ఈ ఒడంబడిక మీదనే నిలిచింది. చదువు లేని చిన్నవాడు అడుగుతాడు, విద్య గల పెద్దవాడు చెబుతాడు. సిద్ధుడి దగ్గర మణి ఉంది గనుక ఏ ప్రశ్నకూ జవాబు లేకపోదు.

ఈ నేపథ్యంలో ‘వాట్‌చాల్’ను ఉంచితే మూడు భేదాలు స్పష్టమవుతాయి. ఇందులో రచయిత్రి స్వయంగా నడిచింది. ఆమె తోడు దారిలోనే ఉంది. ఆ తోడు అడిగిన ప్రశ్నకు చెప్పడానికి విద్యావంతురాలి దగ్గర జవాబు లేదు.

3. వారీలో ఒక దినం

పండరిపురానికి సాగే యాత్రను మరాఠీలో ‘వారీ’ అంటారు. నియమంగా ఆ యాత్ర చేసేవారు వార్కరులు. ఆషాఢ శుద్ధ ఏకాదశి, అంటే తెలుగువారి తొలి ఏకాదశి నాటికి, వివిధ సాధుసంతుల పల్లకులు పండరిపురం చేరుకుంటాయి. వాటిలో ఆళంది నుంచి జ్ఞానేశ్వరుని పల్లకి, దేహూ నుంచి తుకారాం పల్లకి ప్రధానమైనవి. జ్ఞానేశ్వరుని పల్లకి పుణె, సాస్వడ్, జేజురి, లోణంద్, ఫల్టణ్ మీదుగా సుమారు మూడు వారాలు ప్రయాణిస్తుంది. కర్వే పుణె నుంచి ఈ పల్లకి వెంట నడిచారు.

ఇక్కడి పల్లకికీ వీరాస్వామయ్య పల్లకికీ ఉన్న తేడా గమనించదగినది. వారీలో పల్లకిలో ఉండేవి సంతుని పాదుకలు. తక్కిన అందరూ నడవాలి. పాదుకలకు మాత్రమే వాహనం ఉన్న యాత్రలో ధనికుడికీ పేదకూ, పండితుడికీ పామరుడికీ నడక ఒక్కటే. సమానత్వం అనే భావన ముందుగా శరీరం ద్వారా అనుభవానికి వస్తుంది. అరికాళ్లకు లేచే బొబ్బలు, మడమల నొప్పి, తొలకరి జల్లులో తడిసిన బట్ట, నల్లరేగడి బురద, ఇవి కులాన్ని బట్టి వేరుకావు.

యాత్రికులు ‘దిండీ’లు అనే బృందాలుగా నడుస్తారు. దిండీకి వీణ పట్టినవారు, తాళాలు వేసేవారు, మృదంగం వాయించేవారు, కాషాయ పతాకాలు మోసేవారు ఉంటారు. తులసి కోటను తలమీద పెట్టుకొని నడిచే స్త్రీలు ఉంటారు. పల్లకికి ముందు కొన్ని, వెనుక కొన్నిగా దిండీలకు స్థాననియమం ఉంది. తెల్లవారుజామున లేవడం, స్నానం, నడక, పాట, భోజనం, మళ్లీ నడక, సాయంకాలం విడిది, రాత్రి కీర్తన, నిద్ర. ఈ క్రమం ప్రతిరోజూ పునరావృతమవుతుంది. వారీ అంతటినీ ఒక్క దినంలో చూడవచ్చు, ఒక్క దినాన్ని వారీ అంతటా చూడవచ్చు.

పాటకు ఈ దినంలో ఉన్న స్థానం పెద్దది. దారి పొడుగునా సాగే అభంగాల కర్తలు ఒకే కులానికి చెందినవారు కారు. జ్ఞానేశ్వరుడు వెలికి గురైన బ్రాహ్మణ కుటుంబంలోనివాడు. నామదేవుడు దర్జీ, గోరా కుమ్మరి, సావతా తోటమాలి, తుకారాం కుణబీ, చోఖామేళా మహార్. వారందరి పదాలూ ఒకే నోట, ఒకే తాళానికి పలుకుతాయి. పాటలో పంక్తిభేదం లేదు. తెలుగునాట పల్లెల్లో ఆడే పండరి భజన చూసినవారికి ఈ దృశ్యం అపరిచితం కాదు. అడుగు, తాళం, నామం ఒకటైనప్పుడు వ్యక్తి సమూహంలో లీనమయ్యే స్థితి అందులోనూ కనిపిస్తుంది.

కర్వే ఈ అనుభవాన్ని తక్కువ చేసి చెప్పలేదు. దారిలో కలిసిన స్త్రీల మాటతీరు, ప్రాంతానికొక యాస, రోజురోజుకూ కొత్త ప్రాంతాల నుంచి వచ్చి చేరే జనం, అందరి నోటా ఒకే పాట, వీటిని ఆమె సంతోషంతో రాశారు. ఈ సంతోషం నిజమైనది గనుకనే దాని పక్కన నిలిచిన బాధకు బరువు వచ్చింది.

4. భోజనవేళ

కర్వే నడిచిన దిండీలో బ్రాహ్మణులూ ఉన్నారు, మరాఠాలూ ఉన్నారు. కలిసి నడిచారు, కలిసి పాడారు, ఒకే కీర్తన విన్నారు. భోజనానికి మాత్రం రెండు బృందాలూ వేరయ్యాయి. వ్యాసంలోని ముడి అంతా ఇక్కడ ఉంది.

విభజన జరిగిన చోటును పరిశీలించాలి. అది దారి మీద జరగలేదు, దారి ఆగిన చోట జరిగింది. కదులుతున్నంతసేపూ కలిసి ఉన్న సమూహం పొయ్యి వెలిగించగానే ఊరి సమాజంగా మారిపోయింది. ఊరిని విడిచి వచ్చామనుకున్నవారు ఊరిని మోసుకొనే వచ్చారని వంటపాత్రలు చెప్పాయి. తెలుగులో ‘వరస’ అన్న మాటకు క్రమమనీ, వరుసగా కూర్చున్న పంక్తి అనీ, బంధుత్వమనీ అర్థాలున్నాయి. వారీలో నడిచే వరస ఒకటే. తినే వరసలు రెండు.

విభజనకు సాధారణంగా చెప్పే కారణం శుచి. ఆ కారణం ఇక్కడ నిలవదని కర్వే గుర్తించారు. రెండు బృందాలవారూ పరిశుభ్రంగా ఉండేవారే, స్నానం చేసి తినేవారే. మరి ఎందుకీ వేర్పాటు? కలిసి నడవడం, కలిసి పాడడం పరలోకంలో ఏకం కావడానికి మాత్రమేనా, ఇహలోకంలో వేరుగా ఉండిపోవడానికేనా అన్న సంశయం ఆమెను యాత్ర పొడుగునా వెంటాడింది. భక్తి సమానత్వ భావన మీద ఇంతకంటే సూటి విమర్శ అరుదు. వాదంగా కాక దినచర్యలోని ఒక చిన్న ఘట్టంగా రావడం వల్ల దీనికి బలం వచ్చింది.

తెలుగు చరిత్రలో ఈ సమస్యకు సమాంతరం ఉంది. పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుని పేరుతో ముడిపడిన ‘చాపకూడు’ సంప్రదాయం అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించింది. కులభేదం ఎక్కడ గట్టిగా పాతుకొని ఉన్నదో ఆ గాథ గుర్తించింది. కలిసి యుద్ధానికి నడవడం సులభం, కలిసి కూడు తినడం కష్టం. అందుకే పల్నాటి గాథ జ్ఞాపకంలో చాప అంత ముఖ్యమైంది. వారీలో పాట ఉంది, చాప లేదు.

రెండు బృందాలనూ కలపడం కర్వేకు సాధ్యపడలేదు. ఆమె చేయగలిగింది ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ తినడం. కనీసం తన మటుకు తాను రెండింటి మధ్య వంతెన కావాలని ఆమె ప్రయత్నించారు.

5. ‘అక్క’ అన్న పిలుపు, ఆపై ఒక ప్రశ్న

మరాఠా స్త్రీలతో కలిసి భోజనం చేశాక కర్వే పట్ల వారి చనువు పెరిగింది. నడకలో పక్కకు వచ్చి చేయి పట్టుకున్నారు. తమ బతుకులోని సంగతులు ఎన్నో చెప్పుకున్నారు. యాత్ర చివరి రోజులకు ఆమెను ‘తాయీ’ అని పిలవసాగారు. తెలుగులో ‘అక్కా’ అన్నట్టు.

ఈ క్రమంలో ఒక సూక్ష్మం ఉంది. అన్నాళ్లూ కలిసి నడిచినా రాని చనువు కలిసి తిన్న తరువాత వచ్చింది. అంటే నడక చనువుకు అవకాశం ఇచ్చింది, అన్నం దానిని స్థిరం చేసింది. వరస కలిసి కూర్చున్నాకనే వరస కలిపి పిలిచారు. బంధుత్వ పదాల మీద దేశమంతా తిరిగి పరిశోధన చేయబోతున్న శాస్త్రవేత్తకు ఒక బంధుత్వ పదం ఎలా పుడుతుందో, దానికి ఏ మూల్యం చెల్లించాలో ఆ దారి మీద అనుభవంలోకి వచ్చింది.

పుణెలో మీ ఇంటికి వస్తామని ఆ స్త్రీలలో కొందరు అన్నారు. అప్పుడు ఒక యువతి అడిగింది, అప్పుడు కూడా మాతో ఇప్పుడున్నట్టే ఉంటారా అని. ఆ ప్రశ్న తన మర్మాన్ని తాకిందని కర్వే ఒప్పుకున్నారు. వేల ఏళ్లుగా పక్కపక్కనే బతుకుతూ ఒకరికొకరు సొంతం కాలేకపోయిన స్థితిని ఆమె అక్కడ వేదనతో గుర్తించారు.

ఈ ప్రశ్నలో కాలానికి సంబంధించిన మెలకువ ఉంది. యాత్రలో చెల్లే మర్యాద ఇంటి గుమ్మం దగ్గర చెల్లకపోవచ్చునని ఆ యువతికి ముందే తెలుసు. దారి మీది సమానత్వానికి గడువు ఉందని, ఆ గడువు ఏకాదశితో ముగుస్తుందని ఆమె ఎరుగును. ఆమె కులవ్యవస్థను గురించి అడగలేదు, భక్తితత్వాన్ని గురించి అడగలేదు. ఎదుటి మనిషి రేపటి ప్రవర్తనను గురించి అడిగింది. అందువల్ల పుస్తకాల నుంచి తెచ్చి చెప్పగల జవాబు లేకపోయింది.

కాశీమజిలీ కథలతో పోలిక ఇక్కడ అక్కరకు వస్తుంది. అక్కడ కుర్రవాడు లోకంలోని వింతలను గురించి అడుగుతాడు. చెప్పేవాడిని గురించి అడగడు. సిద్ధుడు ఎంత కథ చెప్పినా తన స్థానం చెదరదు. ‘వాట్‌చాల్’లో తోడు వేసిన ప్రశ్న పరిశీలకురాలినే పరిశీలనకు పెట్టింది. సమాచారం ఇచ్చే స్థానంలో ఉండవలసిన స్త్రీ సమాచారం కోరింది. క్షేత్రపరిశోధకురాలూ క్షేత్రంలోని మనిషీ ఒక్క వాక్యంలో తారుమారయ్యారు.

6. కొత్త నిర్వచనం, పాత విభజన

‘వాట్‌చాల్’ నుంచి ఎక్కువగా ఉదాహరించే భాగం వేరు. పండరికి యాత్రగా వెళ్లే ప్రజలున్న నేలే మహారాష్ట్ర అని కర్వే ఈ వ్యాసంలో ఒక నిర్వచనం చేశారు. భాషాప్రయుక్త రాష్ట్రాల ఆలోచన బలపడుతున్న కాలంలో, మహారాష్ట్ర రాష్ట్రం ఏర్పడటానికి (1960) దశాబ్దం పైగా ముందు చేసిన నిర్వచనమిది. పటం మీద గీసిన గీతను కాక మనుషుల పాదాలను ఆధారం చేసుకోవడం దాని ఆకర్షణ. ప్రాంతీయ అస్తిత్వ చర్చల్లో దానికి గౌరవం దక్కడం సహజమే.

అయితే నిర్వచనాన్ని వ్యాసం నుంచి విడదీసి చదివితే దాని సగం అర్థం పోతుంది. కలిసి నడిచే జనమే మహారాష్ట్ర అయితే, కలిసి తినలేని జనం కూడా ఆ మహారాష్ట్రే. నిర్వచనం చేసిన రచయిత్రే దానిలోని చీలికను అదే రచనలో నమోదు చేశారు. ఒకటి చూపి రెండోదాన్ని వదిలివేసే పఠనం ఆమె నిజాయతీకి న్యాయం చేయదు.

మానవశాస్త్రంలోనూ ఇటువంటి పాక్షిక పఠనానికి వీలు ఏర్పడింది. విక్టర్ టర్నర్ తీర్థయాత్రలను సామాజిక ప్రక్రియలుగా విశ్లేషిస్తూ, నిత్యజీవితపు హోదాలు సడలి మనుషులు సమస్కంధులుగా కలిసే స్థితిని ‘కమ్యూనిటాస్’ అన్నారు. 1974లో వెలువడిన ఆయన గ్రంథంలో పండరియాత్ర ప్రస్తావన ఉంది. యాత్రలో భేదాలు పూర్తిగా తొలగవని, వాటి వాడి తగ్గుతుందని ఆయన కూడా అంగీకరించారు. ఈ అంగీకారం విలువైనదే. కాని యువతి ప్రశ్న యాత్రలోపలి వాడిని గురించినది కాదు. యాత్ర తరువాత ఆ వాడి తిరిగి వస్తుందా అన్నది ఆమె సందేహం. యాత్రను సరిహద్దుగా తీసుకున్న సిద్ధాంతం యాత్ర దాటిన సందేహానికి జవాబు ఇవ్వలేదు.

కర్వే స్వయంగా ఈ సమస్యకు తరువాత శాస్త్రరూపం ఇచ్చారు. 1961లో ప్రచురితమైన హిందూ సమాజంపై గ్రంథంలో, ఒకే సమాజం చీలి కులాలుగా మారిందన్న వాదాన్ని ఆమె అంగీకరించలేదు. వేర్వేరు అంతర్వివాహ సమూహాలు తమ తమ ఉనికిని నిలుపుకుంటూనే పక్కపక్కన చేరి హిందూ సమాజంగా ఏర్పడ్డాయన్నది ఆమె ప్రతిపాదన. పక్కపక్కనే ఉంటూ ఒకటి కాకపోవడమన్న అనుభవం ‘వాట్‌చాల్’లో వేదనగా ఉంది, ఆ గ్రంథంలో సూత్రంగా మారింది. సూత్రం వల్ల అనుభవానికి వివరణ దొరికింది. అదే సమయంలో ప్రశ్న చల్లబడింది కూడా. వేర్పాటు ఎలా వచ్చిందో సూత్రం చెప్పగలదు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఏ పీట మీద కూర్చోబెట్టాలో అది చెప్పదు. ఈ ఒక్క విషయంలో చిన్న వ్యాసం పెద్ద గ్రంథాన్ని మించింది.

7. వ్యాసం పరిమితులు

‘వాట్‌చాల్’ నిజాయతీని గుర్తించినంత స్పష్టంగా దాని పరిమితులనూ గుర్తించాలి.

మొదటిది, వంతెన ఒకవైపే తెరుచుకున్నది. బ్రాహ్మణ స్త్రీ అయిన కర్వే మరాఠా స్త్రీల పంక్తిలో కూర్చోగలిగారు. మరాఠా స్త్రీలు బ్రాహ్మణ పంక్తిలోకి రాగలగడమన్నది వ్యాసంలో ఘటన కాలేదు. పైనున్నవారు కిందికి రావడం ఔదార్యం అనిపించుకుంటుంది. కిందివారు పైకి రావడం ధిక్కారం అనిపించుకుంటుంది. ఈ అసమానత వల్లనే ‘మీరు మాతో ఇలాగే ఉంటారా’ అన్న ప్రశ్న పుట్టింది. నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నదో ప్రశ్న రూపమే చెబుతున్నది.

రెండవది, ఈ వ్యాసపు బాధకు కేంద్రమైన దూరం బ్రాహ్మణ, మరాఠా బృందాల మధ్యది. వార్కరి ప్రపంచంలో అదే అతిపెద్ద దూరం కాదు. చోఖామేళా సమాధి పండరిపుర ఆలయ మహాద్వారం వెలుపల ఉంది. ఆయన అభంగాలు శతాబ్దాలుగా గుడిలోపల వినిపించాయి, ఆయన వర్గీయులు మాత్రం బయటనే ఆగిపోయారు. ఆ ఆలయంలో దళితుల ప్రవేశం కోసం సానే గురూజీ 1947 మే నెలలో నిరాహారదీక్ష చేయవలసివచ్చింది. ‘పరిపూర్తి’ వెలువడింది ఆ తరువాత రెండేళ్లకే. ఈ సందర్భంలో చూస్తే, కర్వే ఎదుర్కొన్నది సమస్యలోని తక్కువ కఠినమైన రూపం. అక్కడే పంక్తి కలవనప్పుడు, ద్వారం వెలుపలివారి విషయంలో సమస్య ఎంత లోతైనదో పాఠకుడు ఊహించుకోవాలి. ఆ ఊహకు దారి చూపడం వ్యాసం బలం, ఆ దారిలో తానే మరికొంత దూరం వెళ్లకపోవడం దాని లోపం.

మూడవది, ప్రశ్న అడిగిన యువతికి వ్యాసంలో పేరు దక్కలేదు. యాత్రారచనల్లో తోడు తరచుగా పేరు లేని మనిషిగానే మిగులుతుంది. వీరాస్వామయ్య యాత్రను తమ భుజాల మీద సాగించిన బోయీలను తెలుగు సాహిత్యచరిత్ర వ్యక్తులుగా స్మరించలేదు. యాత్ర ఎవరి పేరున నిలుస్తుంది, ఎవరి కాళ్ల మీద సాగుతుంది అన్న విచారణ తెలుగు యాత్రాసాహిత్య పరిశోధనలో ఇంకా విస్తరించవలసి ఉంది.

8. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ‘వాట్‌చాల్’లో అర్థనిర్మాణానికి మూలం దినచర్య. నడక, విడిది అనే రెండు దశల మధ్య మనుషుల సంబంధం మారుతూ ఉంటుంది. నడకలో ఏర్పడిన ఐక్యానికి పరీక్ష విడిదిలో జరుగుతుంది.

• తెలుగు యాత్రాసాహిత్యం ప్రధానంగా క్షేత్రాన్నీ మజిలీనీ ఆశ్రయించింది. పర్వత ప్రకరణం వంటివి మినహాయింపులు. ‘వాట్‌చాల్’ నడకను ఆశ్రయించడం వల్ల తోడు సమస్యను సూటిగా ఎదుర్కోగలిగింది.

• మహారాష్ట్రకు కర్వే ఇచ్చిన నిర్వచనాన్ని భోజనవేళ జరిగిన విభజనతో కలిపి చదవాలి. విడదీసి చదివితే అది స్తోత్రంగా మిగులుతుంది.

• యువతి ప్రశ్న యాత్రలోని సమానత్వాన్ని తిరస్కరించలేదు. దానిని యాత్ర తరువాతి కాలానికి పొడిగించమని కోరింది. ఆ కోరికే ఈ రచనకు నేటికీ ప్రాసంగికత ఇస్తున్నది.

శ్రీశైలానికి నల్లమల అడవి దారుల్లో నడిచే భక్తబృందాలు, మండలదీక్షల యాత్రలు, ఉత్తర తెలంగాణలోని విఠలభక్తి సంప్రదాయం, ఇవన్నీ తెలుగు పరిశోధకులకు అందుబాటులో ఉన్న క్షేత్రాలు. వీటిని అధ్యయనం చేసేటప్పుడు భక్తుల సంఖ్య, పాటలు, ఆచారాలు నమోదు చేయడంతో ఆగకుండా, నడక ఆగిన చోట ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఇంటికి చేరాక ఎవరు ఎవరి గుమ్మం ఎక్కారో కూడా నమోదు చేయవలసి ఉంది. ఏడడుగులకే స్నేహం కుదురుతుందన్న సంప్రదాయ విశ్వాసాన్ని ‘వాట్‌చాల్’ కొట్టివేయలేదు. ఎనిమిదో అడుగు ఇంటి లోపలికి పడుతుందా అని అడిగింది.